అందరూ నవ్వే చోట

బేతమంగళ బస్సు రాబర్ట్‌సన్‌పేట స్టాండులో ఇంజను ఆపుకుని ఇరవై నిమిషాలైంది. డ్రైవరు టీ కొట్టు దగ్గర ఎవరితోనో ఎకసెక్కాలాడుతున్నాడు. నేత్రావతి ముందు నుంచి మూడో సీటులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళోని సంచిని ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులా పట్టుకుని ఉంది, నిజానికి ఎవరైనా లాక్కుపోతే బాగుండునని కూడా ఉంది. సంచిలో అరటిపళ్ళు, మైసూర్‌పాక్ డబ్బా, తమలపాకులు. మోహన్‌కుమార్ పొద్దున్నే అంగడి తెరవకుండా వెళ్ళి కొనుక్కొచ్చాడు, ఉత్త చేతులతో పోతే బాగుండదన్నాడు, మల్లెపూలు కూడా ఒక మూర తెచ్చి ఆమె జడలో తనే పెట్టబోతే ఆమె తల పక్కకు తిప్పుకుంది, ఆయన నవ్వి పూలను దేవుడి పటానికి వేశాడు. ఆయనకు అన్నిటికీ నవ్వు వస్తుంది. "నువ్వు పోయి మన కథ చెప్పు నేత్రా, నేను చెప్తే మొగోడు చెప్పినట్టుంటాది, నువ్వు చెప్తే వాళ్ళకు నమ్మకం. ఆ గొడుగు కాడికొచ్చేసరికి వాళ్ళే నగుతారు చూడు. నగినోళ్ళు కంప్లైంటు ఇంగేం ఇస్తారు." మూడు గంటలకు రెండు వైపులవాళ్ళూ పోలీసు స్టేషనుకు రావాలి. ఇప్పుడు పదకొండు దాటింది. ఈలోపల ఆమె బేతమంగళ పోవాలి, హనుమంతప్ప ఇల్లు కనుక్కోవాలి, కంప్లైంటు ఇచ్చిన ఆ పిల్ల అమ్మానాయనల ముందు కూర్చుని ఇరవై ఆరేళ్ళ నాటి సంగతి చెప్పి వాళ్ళను నవ్వించాలి.

చెప్పడం ఆమెకు కష్టం కాదు. అదే కష్టంగా ఉంది. ఎన్నిసార్లు విన్నదో, ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని నామకరణాల్లో, ఆడబిడ్డ సీమంతంలో, అత్తగారి దినాల భోజనాల తర్వాత కూడా. ఆయన మొదలుపెడితే ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు మార్చి ఆమె స్నేహితురాలు ప్రేమలా మాట్లాడతాడో, ఎక్కడ తనవైపు వేలు చూపిస్తాడో, అప్పుడు తాను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంతసేపు తల దించుకోవాలో, అంతా దేహానికే వచ్చేసింది, రాగి ముద్ద గెలికినట్టు, చూడకుండానే చేతులు చేసుకుపోతాయి. కిందటేడు పెళ్ళిరోజుకు కొడుకు యశ్వంత్ ఆ కథను వీడియో కూడా తీశాడు, తనే వాళ్ళ నాన్న వేషం వేసి, ఒక స్నేహితుడికి చీర కట్టి అమ్మ అని పేరు పెట్టి, చిటికెలో అయిపోయే బొమ్మ, వెనక టింగు టింగుమని పాట. పన్నెండు వేలమంది గుండె గుర్తులు వేశారని ఫోను తెచ్చి చూపించాడు. ఆమె చూసింది. చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు ఇవాళ పొద్దున దోసె పెనం దగ్గర ఎదురొచ్చి నిలబడింది, వాడు ప్లేటు పట్టుకుని వంటింటి గడప మీద నిలబడి, ఇంకా పసితనం పోని మొహంతో, అలిగిన పిల్లాడిలా అన్నప్పుడు. "అందురూ నన్నే తిడతా ఉండారు. నాన్న మూడేండ్లు తిరిగినాడు గదమ్మా. నాకు ఇంకా ఎనిమిది నెలలే."

ఎనిమిది నెలలే. వాడు అబద్ధం ఆడలేదు. వాడి మొహంలో మోసం లేదు, ఓర్పు ఉంది, పరీక్షకు చదివేవాడి ఓర్పు, ఇంకా రెండేళ్ళ నాలుగు నెలలు మిగిలి ఉన్నాయన్న లెక్క. దోసె మాడిపోయింది. ఆమె దాన్ని గీకి పక్కన పడేసి ఇంకోటి పోసింది, ఇంకోటి పోయడం తప్ప ఆ క్షణాన ఆమెకు ఏదీ చేత కాలేదు.

డ్రైవరు ఎక్కాడు, బస్సు ఒళ్ళంతా కదిలించుకుని బయలుదేరింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు చింపి ఇచ్చి వెనక్కు వెళ్ళాడు, అతని వెంట ఆమె చూపు కూడా వెళ్ళింది, చివరి పొడుగు సీటు దాకా. యశ్వంత్ అక్కడే కూర్చునేవాడంట. నిన్న హనుమంతప్ప చెప్పాడు. రోజూ సాయంత్రం కాలేజీ వదిలాక ఆ పిల్ల ఎక్కే బస్సే ఎక్కి, ఆ పొడుగు సీటు మధ్యలో కూర్చుని, బేతమంగళ దాకా వచ్చి, అదే బస్సులో తిరిగి వెళ్ళేవాడంట. ఒక్క మాట అనేవాడు కాదంట. "ఒక మాటంటే తిట్టొచ్చునమ్మా, ఏమీ అనడు, సుమ్మనే చూస్తా ఉంటాడు." నిన్న మధ్యాహ్నం ఆమె అంగడికి క్యారియరు తీసుకుపోయేసరికి ఆ మనిషి చెప్పులు బయట విడిచి, సెల్‌ఫోను కవర్లు వేలాడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, కుర్చీ వేసినా కూర్చోలేదు, తెప్పించిన కాఫీ కప్పులో మీగడ కట్టింది. పాలుపోసుకుని రాగి పండించుకునే మనిషి. చేతుల నిండా పచ్చిగడ్డి కోసిన గీతలు. మంజు అని ఒక్కతే కూతురు, నర్సింగు చదువుతోంది, నెలన్నరగా కాలేజీ మానేసింది, పరీక్ష పోయింది. ఆ పిల్ల పుట్టినరోజునాడు యశ్వంత్ కేకు పట్టుకుని వాళ్ళ ఇంటి ఎదురుగా పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఎండలో నిలబడ్డాడంట, ఊరంతా వచ్చి చూసి పోయిందంట. మోహన్‌కుమార్ ఆ మాటకు నవ్వేశాడు. "కేకు కరిగిపోయింటాదే అప్పా!" హనుమంతప్ప ఆయన వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. "మీరూ ఆడబిడ్డే గదమ్మా," అన్నాడు. అంతే అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటీ విప్పి పెట్టింది, పప్పు, అన్నం, మజ్జిగ.

మీరూ ఆడబిడ్డే గదా. ఇళ్ళ వెనక బూడిదరంగు మట్టి దిబ్బలు కనిపించి జరిగిపోతున్నాయి, బంగారు గనుల్లోంచి తోడి పోసిన పొడి, గాలి లేస్తే ఇప్పటికీ ఊరంతా కళ్ళు నులుముకుంటుంది. నాయన ఆ గనిలోనే దిగేవాడు, తాత చిత్తూరు పక్కనుంచి వచ్చి దిగినట్టే, చాంపియన్ లైన్లలో, గని కూలీల వరస ఇళ్ళలో, ఒకే గది ఇల్లు. పందొమ్మిదేళ్ళ నేత్రావతి ఆ గదిలోంచి రోజూ పొద్దున్నే రైలెక్కి బంగారుపేట, అక్కడినుంచి బస్సులో కోలారు, టీచరు ట్రైనింగుకు పోయేది. లైన్లలో అంత దూరం చదువుకు పోయిన ఆడపిల్ల ఆమే, ఆమెతోపాటు ప్రేమ. స్టేషను దారిలో మోహన్‌కుమార్ క్యాసెట్ల అంగడి. వాళ్ళు వచ్చే వేళకు పెద్ద స్పీకరు డబ్బా బయట పెట్టి పాట వేసేవాడు, వాళ్ళు దాటేదాకా అదే పాట, మర్నాడు ఇంకో పాట. మొదటి నెల ఆమెకు కోపం రాలేదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదుగానీ తనకు తాను చెప్పుకోవాలి కదా, మొదటి నెల కొంచెం బాగానే ఉంది, అద్దంలో రెండోసారి చూసుకున్నది కూడా నిజమే. ఆ తర్వాత అతను రైలెక్కాడు. ఆ తర్వాత బస్సు కూడా ఎక్కాడు. కాలేజీ గేటు ఎదురుగా నిలబడ్డాడు. ఆమె వద్దని చెప్పింది. మొదటిసారి మర్యాదగా, అన్నా అని పిలిచి. అన్నా అంటే అతను గుండె పట్టుకుని పడిపోయినట్టు నటించాడు, ప్లాట్‌ఫారం మీదివాళ్ళంతా నవ్వారు. రెండోసారి గట్టిగా చెప్పింది. గట్టిగా చెబితే కోపంలో అందంగా ఉంటావన్నాడు. మూడోసారి ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే, మౌనంగా ఉండాదంటే మనసులో ఏదో ఉండాది, అన్నాడు. అవునన్నా, కాదన్నా, ఊరుకున్నా ఒకటే అర్థమయ్యే భాషలో ఆడది ఏ మాట ఆడాలో ఆమెకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ భాష అతను ఒక్కడే మాట్లాడలేదు. ఆదివారాలు తానూ ప్రేమా కలిసి సినిమాకు పోయేవాళ్ళు, ఆడవాళ్ళ బెంచీలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. తెర మీద అమ్మాయి మొదటి సగమంతా పొగరుబోతు, చెంపలు వాయించేది, కుక్కను వదిలేది, హీరో సైకిలు గాలి తీసేసేది. హాలంతా ఎదురుచూసేది దాని పొగరు ఎప్పుడు దిగుతుందా అని. విరామం తర్వాత వానలోనో, ఆసుపత్రిలోనో దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, హాలు చప్పట్లు కొట్టేది. తానూ కొట్టింది. ఆ చప్పట్లు చేతులకు గుర్తున్నాయి. అందుకే మోహన్‌కుమార్ రెండో ఏడు కూడా వెంటపడుతూనే ఉంటే, ఆమెకు అతని మీదకన్నా తనమీద అనుమానం ఎక్కువైంది. నా విరామం ఎప్పుడొస్తుంది, నాలో ఎందుకు ఏదీ కరగదు, నేను రాతిముండనా, అని రాత్రులు అమ్మ పక్కన పడుకుని వెతుక్కునేది, పోగొట్టుకున్న సూదిని చాపమీద వెతికినట్టు. అతన్ని చూస్తే కడుపులో మెలి తిరిగేది. ప్రేమంటే అదేనేమో, పాటల్లో గుండె దడ అంటారు కదా, ఇదే ఆ దడేమో అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. భయానికీ దానికీ తేడా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

ఒక్క ప్రేమ చెప్పింది. "అది లవ్వూ కాదు గివ్వూ కాదు, నీకు బయమేస్తా ఉండాదే, మొగం చూసుకో." నల్లగా, లావుగా, గొంతు పెద్దది, సినిమాల్లో హీరోయిన్ పక్కన కిందపడటానికీ తిండి తినడానికీ పెట్టే పిల్లలా ఉండేది ప్రేమ, పేరు ప్రేమ కావడం వల్ల లైన్లలో మగపిల్లలకు ఇంకా తమాషా. ఆ ప్రేమ అన్నాళ్ళూ రోజూ తన ఇల్లు దాటి ఇంత దూరం నడిచి వచ్చి ఆమెను స్టేషను దాకా తీసుకుపోయింది, అతను పక్కకొచ్చినప్పుడల్లా మధ్యలోకి జరిగి తన లావును అడ్డం పెట్టింది. ఒకరోజు అతను దారి అడ్డగిస్తే టిఫిన్ క్యారియరెత్తి నెత్తిమీద కొట్టింది. సాంబారు కారింది. ఆయన చెప్పే కథలో మొదట నవ్వే చోటు అదే. ప్రేమ గొంతు అనుకరిస్తాడు, చేతులు అటూ ఇటూ పెట్టి నడక చూపిస్తాడు, సాంబారులో మునక్కాయ ముక్క చెవి మీద ఆగిందంటాడు, మునక్కాయ అబద్ధం. యశ్వంత్ నామకరణానికి ప్రేమ వచ్చింది, పిల్లాడికి చిన్న స్వెటరు అల్లుకొచ్చింది, పందిట్లో ఆయన కథ మొదలుపెట్టాడు, అందరూ ప్రేమ వైపు తిరిగి నవ్వారు. నేత్రావతి కూడా నవ్వింది, పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని. ప్రేమ వడ్డించిన ఆకు ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె రాలేదు. ఆమె ఇప్పుడు యాడుందో తెలియదు. హోసూరు దగ్గర ఏదో స్కూల్లో ఉందని ఎవరో అన్నారు. టీచరు అయింది. ఇద్దరిలో ఆమె అయింది.

బస్సు ఆగింది, రోడ్డుకు అడ్డంగా ఆవులు, వాటి వెనక తీరిగ్గా ఒక ముసలామె. ఎవరూ తొందరపడలేదు. నేత్రావతికీ తొందర లేదు, ఈ ఆవులు ఇలాగే వస్తూ ఉంటే, ఒకదాని వెనక ఒకటి, మూడు గంటలు దాటిపోయేదాకా. గొడుగు సంగతి చెప్పాలి కదా, వాళ్ళు నవ్వాలి కదా. ఊరిగాం రైలు స్టేషనులో వాన, సాయంత్రం, ప్రేమకు జ్వరమొచ్చి రాని రోజు. ఆయన చెప్పేది ఇలా ఉంటుంది: నేను తడుస్తా నిలబడినాను, మూడో ఏడు, ఒళ్ళంతా వణకతా ఉండాది, ఈమె వచ్చింది, చూసింది, మనసు కరిగింది, గొడుగు నా చేతిలో పెట్టి సిగ్గుతో ఒకే పరుగు! సిగ్గుతో అన్నచోట ఆయన కొంగు కప్పుకున్నట్టు నటించి పరుగెత్తి చూపిస్తాడు, యాభై దాటిన మనిషి, బొజ్జ ఊగుతుంది, ముసలివాళ్ళకు కూడా కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వు. ఆ రోజు స్టేషనులో దీపం ఒకటే వెలుగుతోంది. అతను స్తంభం వెనకనుంచి వచ్చి గొడుగు కాడ పట్టుకున్నాడు, కాడతోపాటు ఆమె వేళ్ళు కూడా అతని పిడికిట్లో. లాక్కుంది, రాలేదు. ఈరోజు చెప్పేదాకా వదలనన్నాడు, నవ్వుతూనే. చుట్టూ చూసింది, ఇద్దరు కూలీలు చూసి మొహం తిప్పుకున్నారు, లవర్స్ అనుకున్నారు. చెయ్యి బయటికి రావాలంటే గొడుగు వదలాలి. వదిలేసింది. వేళ్ళు జారాయి. పరుగెత్తింది, పట్టాల పక్క కంకర మీద, ఒక చెప్పు తెగిపోయింది. అంతే. ఆమె ఇచ్చింది కాదు. చెయ్యి కోసం గొడుగు పోగొట్టుకుంది.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ నరసమ్మ తడిసిన జడ విప్పుతూ, నువ్వు ఒకసారన్నా నగకుండా వాడట్లా రాడే, అంది. నాయన మర్నాటినుంచి కోలారు పోవద్దన్నాడు, పేరు చెడినాక చదువేం చేసుకుంటావన్నాడు. ఇంకో మూడు నెలలుంటే ట్రైనింగు అయిపోయేది. వారానికి మోహన్‌కుమార్ చేతిమీద బ్లేడుతో ఆమె పేరు రాసుకుని ఆసుపత్రిలో పడ్డాడు, పూర్తి పేరు కూడా కాదు, మొదటి రెండక్షరాలు. లైన్లలో ఆడవాళ్ళంతా వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు, అంత ప్రేమ ఎవురికి దొరుకుతాదే, నా మొగుడు నాకోసం గోరు కూడా గిల్లుకోడు, అని నిజంగానే అసూయపడుతూ. ఆసుపత్రి మంచం పక్కన నిలబెట్టి ఒప్పుకుంటావా అని అడిగారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆమె దాన్నే చూస్తోంది. తల కొంచెం కదిలిందేమో. ఊపింది ఊపింది అన్నారు.

తర్వాత ఆయన చెడ్డవాడైనా కాలేదు. అదే ఎవరికీ చెప్పుకోలేని చోటు. తాగలేదు, కొట్టలేదు, నరసమ్మ మంచాన పడితే కొడుకులా ఎత్తి కూర్చోబెట్టాడు, ఆదివారం కాఫీ తనే కలుపుతాడు. ఇంత మంచి మనిషి మీద నీకేంటి ఫిర్యాదు, అని తననే అడిగితే ఏం చెప్పాలి. మంచివాడే, మంచివాడేగానీ నన్ను అడగలేదు, ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా, నేత్రా, ఆ రోజు నీకు ఎట్లా ఉన్నింది, అని అడగలేదు, ఎందుకంటే ఆ రోజు నాకు ఎలా ఉందో ఆయన రోజూ అందరికీ చెబుతూనే ఉన్నాడు. చెప్పగా చెప్పగా నాకూ అదే గుర్తుంది. నా భయం ఉన్నచోట ఆయన సిగ్గు అని పెట్టాడు, నేను దాని మీద కొంగు కప్పాను. ఆ కొంగు చాటున పిల్లాడు పెరిగాడు. అన్నంతోపాటు ఆ కథ తిన్నాడు. వద్దంటే ఇంకొంచెం ఆగు అని అర్థమని, పరుగెత్తితే సిగ్గని, వాడికి బళ్ళో ఎవరూ నేర్పలేదు.

చెరువు నీళ్ళు తళుక్కుమన్నాయి. ఒకప్పుడు ఈ నీళ్ళే గొట్టాల్లో గనుల ఊరికి వచ్చేవి. ఆమె దిగింది.

హనుమంతప్ప ఇల్లు ఊరి చివర, వాకిట్లో మూడు సీమావులు, గోడకు బోర్లించిన పాల క్యాన్లు. అతను ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. భార్య రత్న చెంబుతో నీళ్ళు తెచ్చింది, చాప పరిచింది. లోపలి గది తలుపు ఓరగా ఉంది, దాని వెనక ఎవరో ఉన్నారని తెలుస్తోంది.

"మా ఆయన పంపించినాడు," అంది నేత్రావతి. సంచి పక్కన పెట్టుకుంది. ఆ తర్వాత నోరు దానంతట అదే మొదలుపెట్టింది. "మాదీ ఇట్లే జరిగిందప్పా. మా ఆయనకు అప్పుడు క్యాసెట్ల అంగడి ఉండేది. నేను పోతా ఉంటే పాట ఏసేవాడు..." ఆయన గొంతులోని ఎత్తుపల్లాలన్నీ ఆమె గొంతులోకి వచ్చాయి. సాంబారు చోట రత్న మర్యాదకు నవ్వింది. హనుమంతప్ప పెదవి కూడా ఒక పక్కకు కదిలింది. అందరూ నవ్వుతారు, ఆయన సరిగ్గానే చెప్పాడు. గొడుగు వచ్చింది. "వానలో నిలబడుకోనుండాడు. నేను గొడుగు..."

ఆగిపోయింది. ఆవు ఒకటి గంట కదిలించింది. రత్న నవ్వబోతూ సిద్ధంగా ఉన్న మొహంతో చూస్తోంది.

"నేను ఇయ్యలేదు," అంది నేత్రావతి. "నా చెయ్యి పట్టుకొనింటే, ఇడిపించుకోను గొడుగు ఇడిసిపెట్టి పరిగెత్తినాను. నాకు సిగ్గు కాదమ్మా. బయం. ఉచ్చ పోసుకొనేంత బయం. ఇంటికి పోయేదాకా ఏడుస్తానే పోయినాను. చదువు నిలిచిపోయె. మూడు నెలలుంటే టీచరమ్మను. నేనెప్పుడూ ఆయన్ని ఇష్టపడలేదప్పా. ఇసుక్కొని, అలిసిపోయి, ఊరుకొన్నాను. ఊరుకొంటే ఒప్పుకొనిందన్నారు."

రత్న మొహంలోని నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే మెల్లగా ఆరిపోయింది. తలుపు తెరుచుకుంది. సన్నటి పిల్ల, నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉంది, కళ్ళకింద నలుపు. ఆమె చాపమీద కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది, నిన్న అంగడిలో తండ్రి నిలబడినట్టే.

"మా క్లాసోళ్ళు కూడా అట్లే అంటారు ఆంటీ," అంది మంజు. "లక్కీవే, అంత లవ్ ఎవురు చేస్తారు అని. నేను నంబరు నాలుగుసార్లు మార్చినాను. బస్సు హారను వినిపిస్తే నేను తలుపేసుకొంటాను." తువ్వాలు భుజాల మీదికి లాక్కుంది. "ఈ మాట మీ కొడుక్కు చెప్పినారా ఎప్పుడన్నా?"

"లేదు."

"ఏల?"

ఏల. ఇరవై నాలుగేళ్ళున్నాయి వాడికి. రోజుకు ఒక్కసారి చెప్పాలన్నా ఎన్ని రోజులు దొరికాయి. జ్వరమొచ్చి పక్కన పడుకున్న రాత్రులు, తలకు నూనె రాసిన ఆదివారాలు. "ఇంట్లో అందురూ నగుతా ఉండిరి," అంది. "నేనూ నగుతా ఉంటిని." క్షమించమని అడగాలనుకుంది, ఆ పిల్ల మొహం చూశాక అది కూడా ఆమెను ఏదో ఇవ్వమని అడగడమేననిపించి ఊరుకుంది.

"కంప్లైంటు వాపసు తీసుకోవద్దండప్పా," అంది హనుమంతప్పతో. "నేనూ వస్తా స్టేషనుకు. వాడు నాతో ఏం చెప్పినాడో, ఎన్నాళ్ళు తిరిగినాడో నేనే రాసిస్తా. పాపను మళ్ళీ కాలేజీకి పంపించండి."

హనుమంతప్ప గడ్డం రుద్దుకున్నాడు. "కాలేజీ ఇంగెక్కడిదమ్మా. బైరకూరులో మా అక్క మొగుని తమ్ముని కొడుకు. మాట ఇచ్చేసినాం. వైశాకంలో పెండ్లి. పిల్లోడు మంచోడు."

"మా ఆయన కూడా మంచోడేనప్పా," అంది నేత్రావతి.

అతను కూతుర్ని చూశాడు, మంజు నేల చూస్తోంది. "పాపను అడిగినారా?" అని నేత్రావతి అడిగితే రత్న ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది, లోపలినుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "ముందు స్టేషను కానీ," అన్నాడు హనుమంతప్ప చివరికి. "తర్వాత జూస్తాం." ఆ జూస్తాంలో ఏముందో ఎవరికీ తెలియదు. బహుశా ఏమీ లేదు. వైశాఖం ఎంతో దూరం లేదు. అతను బండి తీసి, బస్సు వస్తే ఆపుతానని ముందుగా వెళ్ళాడు.

మంజు బట్టలు మార్చుకుని వచ్చింది. ఇద్దరూ చెరువు గట్టు పక్క దారిన బయలుదేరారు. నేత్రావతి సంచిలో ఫోను మోగింది. ఆగి తీసింది.

"ఏమాయె? నగినారా?" మోహన్‌కుమార్ గొంతులో ఆశ, పాపం, నిజమైన ఆశ.

"లేదు. స్టేషనుకు వాళ్ళతోనే వస్తా ఉండాను. వాపసు తీసుకోవద్దని నేనే చెప్పినాను."

అవతల ఏదో వస్తువు బల్లమీద పెట్టిన చప్పుడు. "నేత్రా. వాడు మన బిడ్డ."

"తెలుసు," అంది. కడుపులో మోసిన తొమ్మిది నెలలూ ఒక్కసారి గుర్తొచ్చాయి, వాడి మొదటి పన్ను, వాడి జ్వరాలు. ఇంకాసేపట్లో వాడు స్టేషను బెంచీమీద కూర్చుని అమ్మ వైపు చూసే చూపు కూడా ఇప్పుడే కనిపించింది. "నువ్వు వాన్ని పిల్చుకొని రా. తిని రమ్మను." ఫోను పెట్టేసింది.

తల ఎత్తేసరికి మంజు పదడుగుల ముందు నడుస్తోంది. నాలుగడుగులు వేసి వెనక్కు తిరిగి చూసింది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ చూసింది. దారిలో ఇంకెవరూ లేరు, గట్టు మీద కొంగలు తప్ప. ఏమైంది పాపా అని అడగబోయి నేత్రావతి ఆగింది. ఆ పిల్లకు తాను వెనక్కు చూస్తున్నట్టు కూడా తెలియదు, మెడ దానంతట అదే తిరుగుతోంది, వెనక అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా. ఆ చప్పుడు తనదే. నేత్రావతి కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, రోడ్డుకు అవతలి అంచునుంచి, ఆ పిల్లకు బాగా దూరంగా, గబగబా నడిచి ముందుకు వెళ్ళింది. దాటి పోయి, ముందు నడవసాగింది. మంజు వెనక ఇప్పుడు ఎవరూ లేరు. కాస్త దూరం పోయాక నేత్రావతికి ఆ పిల్ల చెప్పుల చప్పుడు వినిపించింది, మొదట ఆగి ఆగి, ఆ తర్వాత ఆగకుండా.